శవం రాని ఇంటికి పరామర్శ: డబ్లిన్, 1916

పరామర్శకు బయల్దేరే ముందు ఒకటి తెలుసుకోవాలి: పోయింది అన్నా, తమ్ముడా? బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో లేచిన ఈస్టర్ తిరుగుబాటు గురించిన ఇంగ్లీషు కాగితాల్లో ఎక్కడ చూసినా బ్రదర్ అనే ఒక్క మాటే కనిపిస్తుంది. మనకు అది చాలదు. అన్న పోయిన ఇంట్లో చాలాసార్లు ఆ వారం జీతం కూడా ఆగిపోతుంది. తమ్ముడు పోయిన ఇంట్లో వాణ్ణి ఎత్తుకుని పెంచిన చేతులు ఉంటాయి. తిరుగుబాటు సేనాని నెడ్ డేలీని బ్రిటిష్ సైనికులు కాల్చి చంపేనాటికి అతనికి 25 ఏళ్ళు. అక్క క్యాథ్లీన్ క్లార్క్ అతని కంటే దాదాపు పదమూడేళ్ళు పెద్ద. తండ్రి పోయాక పుట్టినవాడు, అంతమంది అక్కల మధ్య ఒక్కడే మగపిల్లాడు. అలాంటి అక్క దగ్గరికి వెళ్ళి "మీ సోదరుడు గొప్ప సేనాని" అని మొదలుపెడితే, ఆమె ఏడుస్తున్న మనిషి ఒకరు, మనం మాట్లాడుతున్న మనిషి ఇంకొకరు.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు మొదలైన తిరుగుబాటు ఆ శనివారం, 29న, తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ లొంగుబాటుతో ముగిసింది. చనిపోయినవాళ్ళు సుమారు 485 మంది. అందులో సగానికి పైగా ఆయుధం పట్టని మామూలు జనం. ఆ పోరాటం గురించి, ఆ తర్వాతి మరణశిక్షల గురించి ఎంతో రాశారు. ఆ ఇళ్ళలో మిగిలిన అక్కచెల్లెళ్ళ దగ్గరికి స్నేహితులు ఎలా వెళ్ళారు, ఏం చేయగలిగారు అన్నది మాత్రం సాక్ష్యాల్లో అక్కడో వాక్యం ఇక్కడో వాక్యంగా చెదిరిపోయి ఉంది. వాటిని దగ్గర పెట్టుకుని, ఆ మే నెలలో డబ్లిన్‌లో అన్నో తమ్ముడో పోయిన స్నేహితురాలి గడప తొక్కాలంటే ఏం తెలిసి ఉండాలో వరసగా చెప్పుకుందాం.

మొదటి పని, కబురు నిజమో కాదో తేల్చుకోవడం. తిరుగుబాటుదారుల ప్రధాన స్థావరం సాక్‌విల్ వీధిలోని జనరల్ పోస్టాఫీసే కాబట్టి తపాలా స్తంభించింది, శుక్రవారానికి ఆ భవనం తగలబడింది. నగరంలో నడిచినవన్నీ నోటి మాటలే. లొంగిపోయినవాళ్ళను ఇంచికోర్ దగ్గరి రిచ్‌మండ్ బ్యారక్స్‌కు నడిపించారు. ఏప్రిల్ 30 రాత్రి నుంచే గుంపులు గుంపులుగా ఓడలెక్కించి నట్స్‌ఫర్డ్, స్టాఫర్డ్ లాంటి ఇంగ్లండ్ జైళ్ళకు పంపేశారు. మొత్తం అరెస్టయినవాళ్ళు 3,400 మందికి పైగా మగవాళ్ళు, 79 మంది ఆడవాళ్ళు. కాబట్టి మే మొదటి వారంలో ఇంటికి రాని కుర్రాడు చనిపోయి ఉండొచ్చు, ఆసుపత్రిలో పేరు చెప్పలేని స్థితిలో ఉండొచ్చు, సముద్రం అవతల జైల్లోనూ ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏదో తెలియకుండా నల్లబట్టలు వేసుకుని వెళ్ళడం క్రూరత్వం.

తెలుసుకునే దారులు ఇవి. ముందు ఆసుపత్రులు: జర్విస్ స్ట్రీట్, మేటర్, డబ్లిన్ కోటలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రి. తర్వాత శవాగారం. తర్వాత రిచ్‌మండ్ బ్యారక్స్ గేటు. వీటన్నిటి కంటే నమ్మదగిన చోటు చర్చ్ స్ట్రీట్‌లోని కాపుచిన్ సన్యాసుల మఠం. ఫాదర్ అలోషియస్, ఫాదర్ ఆగస్టీన్, ఫాదర్ ఆల్బర్ట్ లాంటివాళ్ళు అటు లొంగుబాటు కబుర్లు మోశారు, ఇటు మరణశిక్ష పడ్డవాళ్ళ గదుల్లో కూర్చున్నారు. ఎవరు ఎక్కడున్నారో వాళ్ళకు తెలిసినంతగా ఆ వారంలో మరొకరికి తెలియదు. పోరాటంలో పడిపోయిన చాలామందిని ఇళ్ళ తోటల్లో, ఆసుపత్రి ఆవరణల్లో, కోట తోటలో తాత్కాలికంగా పూడ్చారు, తర్వాత శ్మశానాలకు మార్చారు. అలా పూడ్చిన చోటు తెలిసినవాడు దొరికితే, ఆ చిరునామా కాగితం మీద రాయించి తీసుకువెళ్ళడం పూలు పట్టుకెళ్ళడం కంటే వెయ్యి రెట్లు మేలు.

ఇంట్లోవాళ్ళకు ఎంతవరకు తెలుసో ముందే కనుక్కోవాలి. సైనిక కోర్టులు మూసిన తలుపుల వెనక నడిచాయి. 90 మందికి మరణశిక్ష వేసి 15 మందిని కాల్చారు. మిగతావాళ్ళ శిక్ష తగ్గించారు. ఎవరి వంతు ఏమవుతుందో బయటికి తెలిసేది కాదు. మైకేల్ ఓ'హన్‌రహన్ అక్కచెల్లెళ్ళు అతన్ని ఇంగ్లండ్‌కు పంపే ముందు ఒకసారి చూపిస్తారనుకుని కిల్‌మైనమ్ జైలుకు వచ్చారు. లోపలికి వచ్చాకే తెల్లవారితే అతన్ని కాల్చేస్తారని తెలిసింది. మరో సోదరుడు హెన్రీ కూడా అప్పుడు ఖైదీయే. ఇలాంటి ఇంట్లో ఒక అక్కకు తెలిసింది తల్లికి తెలియకపోవచ్చు. గడపలోనే గట్టిగా ఏడ్చేసే స్నేహితులు ఆ ఇంటికి రెండో దెబ్బ వేస్తారు.

ఇక అసలు కష్టం. ఐరిష్ పల్లెల్లో గానీ పట్నాల్లో గానీ చావు ఇంటి మర్యాద అంతా శవం చుట్టూ అల్లుకుని ఉంటుంది. శవాన్ని ఇంట్లోనే ఉంచుతారు, రాత్రంతా ఇరుగుపొరుగు జాగారం చేస్తారు, వచ్చినవాళ్ళు ముందు శవం దగ్గర మోకరించి ప్రార్థన చేసి, తర్వాత ఇంటివాళ్ళ చేయి పట్టుకుని "ఐ యామ్ సారీ ఫర్ యువర్ ట్రబుల్" అంటారు. నీకొచ్చిన కష్టానికి నాకూ బాధగా ఉంది అని దానర్థం. ఆ మాట తర్వాత ఇంకేమీ చెప్పక్కర్లేదు. పక్కకు తప్పుకుని కూర్చోవచ్చు, టీ అందుకోవచ్చు, పోయినవాడి అల్లరి పనులు తలుచుకోవచ్చు. మనిషి ఏం చేయాలో తెలియక తికమకపడకుండా ఆ పద్ధతే నడిపిస్తుంది.

డబ్లిన్‌లో కాల్చిన 14 మంది విషయంలో ఈ పద్ధతి మొత్తం మొదట్లోనే తెగిపోయింది. శవాలు ఇవ్వలేదు. కిల్‌మైనమ్ జైలు వెనక రాళ్ళు కొట్టే ఆవరణలో తెల్లవారుజామున కాల్చి, బండిలో ఆర్బర్ హిల్ సైనిక జైలుకు తీసుకెళ్ళి, పెట్టెలు లేకుండా ఒకే కందకంలో కాల్చిన సున్నం పోసి పూడ్చారు. పాట్రిక్, విల్లీ పియర్స్‌ల తల్లి తన కొడుకుల శవాల కోసం అర్జీ పెట్టుకుంది. ఐర్లండ్‌లో బ్రిటిష్ సైన్యాధిపతి జనరల్ మ్యాక్స్‌వెల్ ఒప్పుకోలేదు. ఆ సమాధులు అమరవీరుల గుళ్ళయిపోతాయని, ఏటేటా ఊరేగింపులు జరుగుతాయని ప్రధాని ఆస్క్విత్‌కు కారణం రాశాడు. సైన్యం దృష్టిలో అది ముందుజాగ్రత్త. తల్లికీ అక్కలకీ మాత్రం కడసారి చూపు లేదు, జాగారం లేదు, మన్ను వేసే చోటు లేదు. స్నేహితులు మోకరించడానికి ఏమీ లేదు.

అందుకని ఏం చేయాలి? నా అభిప్రాయం, శవం లేదని ఇంటికి వెళ్ళడం మానకూడదు. పోయినవాడి టోపీయో, ప్రార్థన పుస్తకమో, ఫోటోనో బల్ల మీద ఉంటుంది. లేకపోతే కుర్చీ ఉంటుంది. వెళ్ళి అదే మాట అనాలి, అదే తీరులో చేయి పట్టుకోవాలి. కొత్త మాటలు వెతక్కూడదు. పాత మాటకున్న బలం అది అందరూ అందరికీ అన్న మాట కావడమే. తన తమ్ముడి చావు కూడా చావే అని, దాచుకోవలసిన నేరం కాదని ఆ మాట చెప్పకనే చెబుతుంది. సైనిక శాసనం ప్రకటించినప్పుడు రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారు ఐదున్నర దాకా ఇళ్ళు కదలకూడదన్నారు. కాబట్టి ఆ రోజుల్లో పరామర్శ పగటి పని. ఇంట్లోనే రాత్రి ఉండిపోయేంత దగ్గరివాళ్ళయితే చీకటి పడకముందే చేరుకోవాలి. అలా ఉండిపోగలిగిన ఒక్క స్నేహితురాలు జాగారం లోటు కొంత తీరుస్తుంది.

ఏ మాట అనకూడదన్న దాని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

తిరుగుబాటు ముగిసిన రోజుల్లో డబ్లిన్ జనం చాలామంది ఖైదీల మీద కోపంగా ఉన్నారు. బ్రిటిష్ సైన్యంలో ఉన్న భర్తల భత్యం మీద బతికే ఆడవాళ్ళు వీధుల్లో వాళ్ళను తిట్టారు, చేతికందింది విసిరారు. ఊరు తగలబడింది, రొట్టె దొరకలేదు, పిల్లలు చచ్చారు. ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. మే 3 నుంచి 12 వరకు విడతలు విడతలుగా కాల్పుల వార్తలు వచ్చేసరికి అదే జనం మనసు మారింది. 3న పియర్స్, టామ్ క్లార్క్, థామస్ మెక్‌డొనా. 4న జోసెఫ్ ప్లంకెట్, నెడ్ డేలీ, ఓ'హన్‌రహన్, విల్లీ పియర్స్. 5న జాన్ మెక్‌బ్రైడ్. 8న ఎమన్ కెంట్, మైకేల్ మాలిన్, షాన్ హ్యూస్టన్, కాన్ కోల్బర్ట్. 9న కార్క్‌లో థామస్ కెంట్. 12న షాన్ మెక్‌డెర్మట్, గాయాలతో నిలబడలేని జేమ్స్ కానలీ. అక్క వైపు నుంచి చూడండి: పోయిన వారం తమ్ముణ్ణి వెర్రివాడన్న నోళ్ళే ఈ వారం దేవుడంటున్నాయి. రెండూ ఆమెను అడక్కుండానే జరిగాయి. అందుకే మొదటి పరామర్శలో అమరుడు, త్యాగం, దేశం అన్న మాటలు వాడకపోవడమే మంచిది. ఆమె తనంతట తాను అంటే తల ఊపాలి. ముందు ఆమెను ఒక తమ్ముడి కోసం ఏడవనివ్వాలి. దేశం వంతు తర్వాత ఎలాగూ వస్తుంది.

రెండో పొరపాటు, ఇంట్లో ఉన్న రెండో యూనిఫాం మరిచిపోవడం. మౌంట్ స్ట్రీట్ వంతెన దగ్గర, నార్తంబర్లాండ్ రోడ్ 25వ నంబరు ఇంట్లో ఏప్రిల్ 26న పోరాడుతూ చనిపోయిన మైకేల్ మాలోన్ సోదరుడు విలియం, ఏడాది ముందు బ్రిటిష్ సైన్యంలో ఫ్రాన్స్-బెల్జియం రణరంగంలో చనిపోయాడు. ఎమన్ కెంట్ సోదరుడు బిల్, బ్రిటిష్ సైన్యంలోని రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ దళంలో ఉండి 1917 ఏప్రిల్‌లో అరాస్ యుద్ధంలో పోయాడు. ఆనాటి డబ్లిన్‌లో ఇది వింతేమీ కాదు. ఇలాంటి ఇంట్లో ఒక కొడుకు గురించి గొంతు పెంచి, ఇంకో కొడుకు గురించి గొంతు తగ్గిస్తే తల్లి వెంటనే పసిగడుతుంది. ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో, ఒకే గౌరవంతో రావాలి. సైన్యంలో పోయిన కొడుకు పేరు ఆ తర్వాత దశాబ్దాల పాటు బయట ఎవరూ పలకలేదు. అందువల్ల ఆ పేరు పలికిన స్నేహితులు ఆ ఇంటికి గుర్తుండిపోతారు.

మూడోది, "కనీసం నువ్వు కడసారి చూశావు కదా" అనడం. చూసినవాళ్ళకు ఆ చూపు ఎలాంటిదో తెలుసు. అర్ధరాత్రి సైనిక వాహనం తలుపు దగ్గర ఆగుతుంది. కొవ్వొత్తి వెలుగులో రాతి గది, పక్కనే తుపాకీతో సైనికుడు, చేతిలో గడియారం. మరణశిక్షకు ముందు రాత్రి జైల్లో ప్లంకెట్‌ను పెళ్ళాడిన గ్రేస్ గిఫర్డ్‌కు తర్వాత అతనితో మాట్లాడేందుకు దొరికింది పది నిమిషాలు. క్యాథ్లీన్ క్లార్క్ ఒక రాత్రి భర్త టామ్‌ను చూడటానికి, మరుసటి రాత్రి చెల్లెళ్ళతో కలిసి తమ్ముడు నెడ్‌ను చూడటానికి ఆ జైలు మెట్లెక్కింది. అప్పటికి ఆమె గర్భవతి. ఆ బిడ్డా నిలవలేదు. నెడ్‌ను పెంచిన పెదనాన్న, పాత ఫీనియన్ (వెనకటి తరం ఐరిష్ విప్లవకారుడు), ఒకప్పటి లిమరిక్ మేయర్ జాన్ డేలీ జూన్ 30న పోయాడు. ఎనిమిది వారాల్లో ఒక్క ఇంటి మీద ఇన్ని. ఇలాంటి చోట ఏ ఒక్క చావునూ తూకం వేసి మాట్లాడకూడదు.

కాన్ కోల్బర్ట్ అక్కచెల్లెళ్ళను రమ్మని కబురే పెట్టలేదు. వస్తే ఇద్దరికీ భరించడం కష్టమని తలచి వరసగా ఉత్తరాలు రాసి వదిలాడు. అలాంటి ఇంట్లో "ఎందుకు పిలవలేదట?" అన్న ప్రశ్న కత్తిలాంటిది. ఆ ప్రశ్న వాళ్ళు తమను తాము వెయ్యిసార్లు అడుక్కుని ఉంటారు.

ఆఖరి ఉత్తరం చేతికిస్తే ఎలా చదవాలన్నది కూడా తెలిసి ఉండాలి. నిలబడి చదవకూడదు. కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, మడత మార్చకుండా తిరిగి ఇవ్వాలి. హ్యూస్టన్ తన సన్యాసిని సోదరికి రాసిన ఉత్తరంలో తనకు విచారం లేదని, నిజంగా తన మీద ప్రేమ ఉంటే పిల్లలకు తమ దేశ చరిత్ర నేర్పమని అడిగాడు. అలాంటి వాక్యం చదివాక స్నేహితులు చేయగల మంచి పని, ఆ కోరిక నెరవేర్చడానికి ఏం కావాలో అడగడం. నకలు రాసుకుంటానని మొదటిరోజే అడగకూడదు. ఆ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు, ఫోటోలు కార్డుల మీదికి, పత్రికల్లోకి చాలా త్వరగా వెళ్ళాయి. క్యాథలిక్ బులెటిన్ మాసపత్రిక 1916 జులై నుంచి చనిపోయినవాళ్ళ జీవితాలను భక్తుల చరిత్రల్లా వేస్తూ సెన్సారు కత్తెరను తప్పించుకుంది. అది దేశానికి మేలే చేసింది. కానీ ఉత్తరం బయటికి వెళ్ళాలా వద్దా అన్నది అక్క మాట మీద జరగాలి.

మాటల కంటే విలువైనది సాక్ష్యం. పోయినవాడి పక్కన ఉన్నవాడు బతికి ఉంటే, అతను వచ్చి చూసింది చూసినట్టు చెప్పడాన్ని మించిన ఓదార్పు నాకు ఆ కాలపు కాగితాల్లో ఎక్కడా కనిపించలేదు. క్యాథలిక్ ఇంట్లో అక్క అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రార్థన అందిందా? సిటీ హాల్ కప్పు మీద తొలిరోజే గుండు తగిలి పడిపోయిన షాన్ కానలీ నటుడు, కార్మికుల దళమైన ఐరిష్ సిటిజన్ ఆర్మీలో కెప్టెన్. అదే దళంలో అతని తమ్ముడు మాట్ ఉన్నాడు, పదిహేనేళ్ళవాడు. ఇంకా అన్నదమ్ములు, ఒక సోదరి కూడా ఉన్నారు. అబ్బే రంగస్థలం మీద కలిసి నటించిన స్నేహితురాలు హెలెనా మొలోనీ అతని చెవిలో పశ్చాత్తాప ప్రార్థన చెప్పింది. గురువు (చర్చి ఫాదర్) అందుబాటులో లేనప్పుడు చేయవలసింది అదే. ఆ ఒక్క వివరం ఆ కుటుంబానికి ఎంతటి ఊరటో బయటివాళ్ళకు సులువుగా అర్థం కాదు.

సాక్ష్యం చెప్పేవాడు వరస పాటించాలి. ఏ చోట, ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు స్పృహలో ఉన్నాడు, పక్కన ఎవరున్నారు, ప్రార్థన ఎవరు చెప్పారు, ఇంటివాళ్ళ పేరు ఎత్తాడా. తెలియనిది తెలియదనాలి. బాధ పడలేదని అబద్ధం చెబితే రెండు నెలల తర్వాత ఇంకో సాక్షి నోట నిజం బయటపడుతుంది, అప్పటి నుంచి మీరు చెప్పిన నిజాలనూ ఆమె నమ్మదు. కాల్చి చంపినవాళ్ళ విషయంలో ఈ సాక్ష్యం కాపుచిన్ల దగ్గర దొరుకుతుంది. హ్యూస్టన్ ఆఖరి గడియల గురించి ఫాదర్ ఆల్బర్ట్ స్వయంగా రాసిపెట్టాడు. స్నేహితురాలిని వెంటబెట్టుకుని చర్చ్ స్ట్రీట్‌కు తీసుకెళ్ళడం, ఆమె లోపల మాట్లాడుతుంటే బయట బల్ల మీద ఎదురుచూడటం, అదే ఒక పూట పరామర్శ.

పూజల సంగతి. మామూలుగా ఇంటికి వెళ్ళేటప్పుడు మాస్ కార్డు పట్టుకెళ్తారు. పోయినవాడి ఆత్మ కోసం ఫలానా గురువు పూజ చేస్తాడని రాసి సంతకం చేసిన కార్డు అది. గురువును కలిసి, పూర్తి పేరు చెప్పి, శక్తికొద్దీ కానుక ఇచ్చి, సంతకం చేయించుకుని, ఇంట్లో బల్ల మీద పెట్టి రావాలి. కార్డు మీద హోదా, దళం పేరు రాయించకూడదు. ఒట్టి పేరు చాలు. సోదాల్లో కాగితాలు పట్టుకెళ్ళే రోజులవి. డబ్బు లేనివాళ్ళకు ఇంకో దారి ఉంది: ఇన్ని జపమాలలు, ఇన్ని పూజలు, ఇన్ని సత్ప్రసాద స్వీకారాలు అని లెక్క రాసి ఇస్తారు. లెక్క రాశాక చెల్లించి తీరాలి, అందుకే తక్కువ రాసి పూర్తిగా చేయడం మంచిది.

నెల తిరిగేసరికి చేసే పూజను మంత్స్ మైండ్ అంటారు, మన మాసికం వేళకు వచ్చేదే. 1916లో శవయాత్రలు లేని లోటును ఈ నెలపూజలే తీర్చాయి. మే మొదట్లో పోయినవాళ్ళకు జూన్ మొదట్లో డబ్లిన్ చర్చిలు నిండిపోయాయి. వీధిలో ఊరేగితే సైనిక శాసనం అడ్డొస్తుంది, చర్చిలో మోకరిస్తే ఎవరూ ఆపలేరు. పూజ ముగిశాక గుమిగూడిన జనం పాటలు అందుకోవడం, జెండాలు ఊపడం, పోలీసులు రావడం మామూలైపోయింది. దగ్గరి స్నేహితులు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఏడుస్తున్న మనిషిని పెద్ద తలుపు గుండా ఆ గుంపులోకి నడిపించకండి. పక్క తలుపు ఎక్కడుందో ముందు రోజే చూసుకోవాలి. గుంపు మధ్యలో ఉండాలని ఆమే కోరుకుంటే అది వేరు. చాలామంది కోరుకున్నారు కూడా.

గురువులందరూ ఒకేలా లేరు, కొందరు తిరుగుబాటును వేదిక మీంచే తప్పుపట్టారు. ఎక్కడ పూజ చెప్పించాలో ఎంచుకునేముందు ఆయన ఆదివారం ఏం మాట్లాడాడో విని రావాలి. లిమరిక్ బిషప్ ఓ'డ్వయర్ మాత్రం ఇద్దరు గురువుల మీద చర్య తీసుకోమన్న మ్యాక్స్‌వెల్‌కు మే 17న ఘాటుగా కాదని రాశాడు. డేలీల ఊరు లిమరిక్ అని గుర్తుంచుకుంటే ఆ ఉత్తరం ఆ ఇంటికి ఏమై ఉంటుందో తెలుస్తుంది.

డబ్బు గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. 1913 విచారణ లెక్క ప్రకారం డబ్లిన్‌లో ఇరవై వేలకు పైగా కుటుంబాలు ఒక్కో గదిలో బతుకుతున్నాయి. వారం జీతం రాకపోతే మరుసటి వారమే అద్దె సమస్య. హ్యూస్టన్ రైల్వే గుమాస్తా, అతని జీతం మీద ఇల్లు నడిచేది. స్నేహితురాలి చేతిలో నాణేలు పెట్టి గుప్పిట మూయడం చూడటానికి ఆప్యాయంగా ఉంటుంది గాని, ఆమెను బిచ్చం పుచ్చుకున్నట్టు చేస్తుంది. అద్దె తీసుకునేవాడి దగ్గరికి నేరుగా వెళ్ళి రెండు వారాలు కట్టేసి రసీదు బల్ల మీద పెట్టి రావడం మెరుగు. అంతకంటే మెరుగు, నిధికి అర్జీ పెట్టించడం.

క్యాథ్లీన్ క్లార్క్ తన దగ్గర దాచిన విప్లవ సంఘం డబ్బుతో, భర్తా తమ్ముడూ పోయిన రోజుల్లోనే, వాలంటీర్ల (తిరుగుబాటులో పోరాడినవాళ్ళ) ఆధారితుల నిధి మొదలుపెట్టింది. ఇంకోవైపు ఐరిష్ నేషనల్ ఎయిడ్ అసోసియేషన్ పుట్టింది. ఒకే ఇంటికి ఇద్దరూ వెళ్ళడం, ఇంకో ఇంటికి ఎవరూ వెళ్ళకపోవడం జరిగేది. ఆగస్టులో రెండూ కలిశాయి, 1917 ఫిబ్రవరిలో మైకేల్ కాలిన్స్ కార్యదర్శి అయ్యాడు. చివరికి లక్ష పౌండ్లకు పైగా పోగయింది. అర్జీకి కావలసినవి సిద్ధం చేయడం స్నేహితుల పని: పోయినవాడి పేరు, ఏ బెటాలియన్, ఎక్కడ ఎప్పుడు పోయాడు, పని ఎక్కడ, వారానికి ఇంటికి ఎంత ఇచ్చేవాడు, అతని మీద ఆధారపడ్డవాళ్ళు ఎంతమంది, వాళ్ళ వయసులు, అద్దె ఎంత, అప్పు ఎంత. అక్కలు సాధారణంగా తప్పు చేసేది ఒక్కచోట: తమ్ముడు ఇచ్చేది తక్కువ చేసి చెబుతారు, తాము తట్టుకోగలమంటారు. ఆ అంకె పక్కన కూర్చుని నిజం రాయించాలి. కూమన్ న మాన్ అనే మహిళా సంఘం ఆడవాళ్ళు డబ్బు ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. అది దానం కాదు, చెల్లవలసినది అన్నట్టు ఇచ్చేవారు.

వస్తువులు. మెక్‌డొనా అక్క సన్యాసిని, ఆ రాత్రి జైల్లో తమ తల్లి జపమాలను అతని మెడలో వేసింది. తిరిగి ఆమె చేతికి వచ్చేసరికి కొన్ని పూసలు తూటాలకు పోయాయి. తిరిగొచ్చిన వస్తువును కడగకూడదు, బాగు చేయించకూడదు, అడగకుండా చేతిలోకి తీసుకోకూడదు. పోయినవాడి బొత్తమో పుస్తకమో మీ దగ్గర ఉంటే ఆలస్యం చేయకుండా తెచ్చివ్వండి.

మొదటి నెల దాటాక వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. గడ్డు రోజులు మాత్రం ముందున్నాయి. నవంబర్ 2 ఆత్మల పండగ, ఊరంతా సమాధులకు వెళ్తుంది. ఆర్బర్ హిల్‌కు వెళ్ళడానికి లేదు. డిసెంబర్‌లో వేల్స్‌లోని ఫ్రాన్‌గోచ్ ఖైదీల శిబిరం నుంచి అందరి అన్నదమ్ములూ ఇంటికి వచ్చారు, 1917 జూన్‌లో శిక్షపడ్డ ఖైదీలు వచ్చారు. సంబరాల రాత్రి రాని తమ్ముడి ఇంట్లో దీపం వెలగని గదిని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. ఇంకో చిక్కు: ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. 1917లో ఈస్టర్ సోమవారం ఏప్రిల్ 9న పడింది. పోరాటంలో పోయినవాడికి అక్కడ ఒక వర్ధంతి, అసలు తేదీన ఇంకొకటి. స్నేహితులు రెండు రోజులూ వెళ్ళాలి. 1917 మే 12న జేమ్స్ కానలీ వర్ధంతికి నిషేధాన్ని ధిక్కరించి కార్మిక సంఘం భవనం లిబర్టీ హాల్ మీద బ్యానర్ కట్టిన నలుగురు ఆడవాళ్ళలో హెలెనా మొలోనీ ఒకరు. ఏడాది ముందు ఇంకో కానలీ చెవిలో ప్రార్థన చెప్పింది కూడా ఈమే.

ఆ 15 మందిలో డబ్లిన్ బయట చనిపోయినవాడు థామస్ కెంట్. 1916 మే 2న కార్క్ కౌంటీలోని బానార్డ్‌లో వాళ్ళ ఇంటిని పోలీసులు చుట్టుముట్టారు. ముసలి తల్లి లోపల తుపాకులు నింపి ఇచ్చింది. తమ్ముడు రిచర్డ్ లొంగిపోయాక తప్పించుకోబోతూ తూటా దెబ్బతిని చనిపోయాడు, డేవిడ్ గాయపడ్డాడు, విలియం విడుదలయ్యాడు. థామస్‌ను మే 9న కార్క్‌లో కాల్చి, అక్కడి జైలు నేలలోనే పూడ్చారు. 2015 జూన్‌లో ఆ నేల తవ్వి, అతని అన్నదమ్ముల సంతతిలో బతికి ఉన్నవాళ్ళ డీఎన్ఏతో ఎముకలను పోల్చి గుర్తించారు. సెప్టెంబర్ 18న పెట్టెలో పెట్టి, జెండా కప్పి, కాసిల్‌లయన్స్‌లోని కుటుంబ సమాధికి తీసుకెళ్ళారు. అప్పుడు ఆ ఊరివాళ్ళు వరసలో నిలబడి ఇంటివాళ్ళ చేయి పట్టుకోగలిగారు.